ఆదివారం అమ్మకు సెలవు ఉందా?



మన ఊళ్లలో ప్రార్థనకు వెళ్లేవాళ్ల మధ్య ఒక వాదన ఎప్పుడూ నడుస్తుంటుంది. విశ్రాంతి దినం శనివారమా, ఆదివారమా? యూదులు శుక్రవారం సాయంత్రం నుంచి శనివారం సాయంత్రం దాకా పాటిస్తారు. యేసు ఆదివారం తిరిగి లేచాడు కాబట్టి ఎక్కువ సంఘాలు ఆదివారం కూడుకుంటాయి. సెవెంత్ డే అడ్వెంటిస్టులు శనివారమే అంటారు. ఈ వాదనలో మేమూ చాలా రాత్రులు గడిపాం. ఏ రోజు అని కొట్టుకుంటూ, ఎవరికి విశ్రాంతి అని మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఆ ఆజ్ఞను ఒకసారి నిదానంగా చదవండి. నిర్గమకాండం 20లో దేవుడు ఏడో రోజు విశ్రమించాడన్నది కారణం. ద్వితీయోపదేశకాండం 5లో ఇంకో కారణం ఉంది: మీరు ఐగుప్తులో బానిసలుగా ఉన్నారు, అది మర్చిపోవద్దు. బానిసకు సెలవు ఉండదు. గడ్డి ఇవ్వకపోయినా ఫరో ఇటుకల లెక్క తగ్గనివ్వలేదు. అందుకే ఆ ఆజ్ఞ కొడుకు, కూతురు, దాసుడు, దాసి, ఎద్దు, గాడిద, పరదేశి అని ఒక్కొక్కరినీ లెక్కపెట్టింది. యజమాని ఒక్కడే కూర్చుంటే అది విశ్రాంతి దినం కాదు.

ఆ జాబితాలో భార్య అన్న మాట విడిగా లేదు. "నీవు" అన్నదాంట్లోనే ఆమె కూడా ఉందని చెప్పే పండితులున్నారు. మనం మాత్రం ఆ సందు బాగా వాడుకున్నాం. ఆదివారం కూడా అమ్మ కోడికూతకే లేస్తుంది. ఊట నుంచి నీళ్లు మోస్తుంది, కట్టెలు తెస్తుంది, అందరికీ వండిపెట్టి ఆలస్యంగా గుడికి వచ్చి వెనక కూర్చుంటుంది. పాస్టరు గారు విశ్రాంతి గురించి చెప్తుంటే కునుకు తీస్తుంది. ఆమెకు దొరికే విశ్రాంతి ఆ కునుకే. హాస్టల్ నుంచి వచ్చిన మనం ఫోన్ చూసుకుంటూ "అమ్మా, కూర అయ్యిందా?" అంటాం.

లూకా 13లో పద్దెనిమిదేళ్లుగా నడుము వంగిపోయిన ఒక స్త్రీ ఉంది. యేసు ఆమెను విశ్రాంతి దినానే నిటారుగా నిలబెట్టాడు. సమాజ మందిరం పెద్దకి కోపం వచ్చింది. ఎద్దును, గాడిదను విప్పి నీళ్లకి తోలుకెళ్తారు కదా, ఈమె కట్లు విప్పకూడదా అని యేసు అడిగాడు. మోపులు మోసి మోసి వంగిన నడుములు మన ఊళ్లో ఎన్ని లేవు?

విశ్రాంతి మన తాతలకి తెలియని మాట కాదు. పోడు కొన్నేళ్లు చేసి కొండని వదిలేసేవాళ్లు, అడవి మళ్లీ లేచేది. మోషే ధర్మశాస్త్రం కూడా ఏడో ఏడు భూమిని విడిచిపెట్టమంది. తనంతట పండింది పేదలు తినాలంది.

ఇంటి బయట సంగతీ ఉంది. నారాయణ్ మేఘాజీ లోఖండే నాయకత్వంలో బొంబాయి మిల్లు కార్మికులు 1890లో ఆదివారం సెలవు పోరాడి తెచ్చుకున్నారు. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికో సెలవు రాసింది. కానీ మిర్చి ఏరడానికి వెళ్లే మనవాళ్లకి ఆ చట్టం అందలేదు. కిలోల లెక్కన కూలి, ఆగిన రోజు కూలి లేదు. దాని గురించి సంఘాల్లో మాట్లాడాలి.

ముందు మన ఇంటి నుంచే మొదలుపెడదాం. వచ్చే ఆదివారం నీళ్ల బిందె మనమే ఎత్తుదాం, పొయ్యి మనమే ముట్టిద్దాం. చర్చికి వెళ్లనివాళ్లు కూడా చెయ్యొచ్చు. చేసినవాళ్లు కింద రాయండి, అమ్మ ఏమందో కూడా రాయండి.