కొసరు చూసి అసలు మరవొద్దు

సంతలో చింతపండు కొన్నామనుకోండి. తూకం అయ్యాక అమ్మే ఆమె ఇంకో గుప్పెడు తీసి సంచిలో వేస్తుంది. అదే కొసరు. మనకు ముచ్చట, ఆమెకు మర్యాద. ముందు తూకం, ఆ తర్వాతే కొసరు. తూకంలో తేడా ఉంటే అక్కడే అడగొచ్చు, నచ్చకపోతే సంచి ఖాళీ చేసి వచ్చేయొచ్చు.

క్రెడిట్ కార్డుల కంపెనీలు ఈ వరసను తిరగేశాయి. ముందు కొసరు చూపిస్తాయి. తూకం సంగతి తర్వాతెప్పుడో బిల్లులో తెలుస్తుంది.

చలికాలం వచ్చిందంటే విశాఖ జనం చూపు అరకు వైపు తిరుగుతుంది. సరిగ్గా అప్పుడే ఫోన్లు మోగుతాయి. 'సార్, మా ట్రావెల్ కార్డు తీసుకోండి. చేరగానే పదివేల పాయింట్లు. మీ టూరు ఫ్రీ అయిపోతుంది' అంటుంది అవతలి గొంతు. నిజంగా అవుతుందా? కాగితం, పెన్సిలు తీసుకోండి. కలిసి లెక్క వేద్దాం.

పాయింటు విలువ ఎంత?

ఉదాహరణకు ఒక కార్డు అనుకుందాం. చేరిక రుసుము రూ.3,000. దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే మరో రూ.540. మొత్తం రూ.3,540. మొదటి 90 రోజుల్లో రూ.60,000 ఖర్చు పెడితే పదివేల పాయింట్లు ఇస్తారు. పదివేలు అనగానే మన మనసు చటుక్కున పదివేల రూపాయలు అనుకుంటుంది. అమ్మేవాళ్లకు కావాల్సిందీ అదే!

పాయింటు రూపాయి కాదు. ఎక్కడ మార్చుకుంటామన్న దాన్నిబట్టి దాని విలువ మారుతుంది. మన ఉదాహరణ కార్డులో షాపింగ్ కూపన్లుగా మారిస్తే పాయింటుకు 25 పైసలు, విమాన టికెట్టుకు వాడితే 50 పైసలు అనుకుందాం. అప్పుడు అవే పదివేల పాయింట్లు ఒకచోట రూ.2,500, మరోచోట రూ.5,000.

ఇప్పుడు విశాఖలో ఉన్న నలుగురి కుటుంబం అరకు వెళ్తోందనుకోండి. ఖర్చులేమిటి? కిరండూల్ రైలు టికెట్లు. 2017లో తగిలించిన అద్దాల విస్టాడోమ్ పెట్టెలో సీటు దొరికితే అందులో కొంచెం ఎక్కువ. బొర్రా గుహలకు ప్రవేశ రుసుము. కటికి జలపాతానికి జీపు. పర్యాటక సంస్థ వారి హరితలోనో, ఊళ్లో ఏదో లాడ్జీలోనో గది. దారిలో బొంగులో చికెన్, కాఫీ. వీటిలో విమాన పాయింట్లు చెల్లేది ఎక్కడ? జీపు డ్రైవరుకు పాయింట్లు ఇస్తామంటే నవ్వుతాడు. ఈ కుటుంబానికి పనికొచ్చేది కూపన్లే. వచ్చేది రూ.2,500, కట్టింది రూ.3,540. అంటే ఉచిత టూరు కాదు, మొదటిరోజే రూ.1,040 నష్టం.

అదే హైదరాబాద్ కుటుంబం అయితే? కార్డు ఉన్నా లేకపోయినా విశాఖకు విమానంలోనే వెళ్లాలని ముందే అనుకున్నారు. వాళ్లకు ఆ పాయింట్లు నిజంగానే రూ.5,000. రుసుము పోగా రూ.1,460 మిగులు. కార్డు ఒకటే, పాయింట్లు ఒకటే. ఒకరికి లాభం, ఒకరికి నష్టం. కాబట్టి బోనస్ విలువ ప్రకటనలో ఉండదు. అది మీ ప్రయాణంలో ఉంటుంది. ఎటూ జేబులోంచి పెట్టబోయే డబ్బును ఎంత మిగిల్చిందో అంతే దాని విలువ. పాయింట్లు ఉన్నాయి కదా అని కొత్తగా గోవా ప్రయాణం పెట్టుకుంటే అది మిగులు కాదు, ఇంకో ఖర్చు.

అరవై వేల మెలిక

మన కుటుంబం కార్డు మీద పెట్టగలిగిన ఖర్చు నెలకు పన్నెండు వేలు అనుకుందాం. మూడు నెలలకు రూ.36,000. ఇంకా రూ.24,000 తక్కువ. పెట్రోలు, ఇంటి అద్దె, వాలెట్లో వేసుకునే డబ్బు లాంటివి చాలా కార్డుల్లో ఈ లెక్కలోకి రావు. గడువు దగ్గరపడుతుంటే ఏం చేస్తాం? ఇంట్లో టీవీ బాగానే ఉన్నా కొత్తది కొంటాం. పాయింట్ల కోసం పాతికవేలు వదిలించుకోవడమంటే కొసరు కోసం ఇంకో బస్తా కొనడమే.

ఆ మూడు నెలల్లోనే పిల్లల ఫీజో, బీమా ప్రీమియమో కట్టాల్సి ఉంటే వేరే సంగతి. ఎలాగూ కట్టేదాన్ని కార్డుతో కడితే తప్పులేదు. కాకపోతే అదనపు ఛార్జీ పడుతుందా, ఆ ఖర్చు లెక్కలోకి వస్తుందా అన్నది ముందే కనుక్కోవాలి.

అసలు ముప్పు వేరే ఉంది. బిల్లు రూ.60,000 వచ్చింది. అందులో 'కనీసం రూ.3,000 కట్టండి చాలు' అని ఉంటుంది. అది కట్టి ఊరుకుంటే మిగిలిన రూ.57,000 మీద నెలకు 3.5 శాతం చొప్పున వడ్డీ దాదాపు రూ.1,995. దానిమీద జీఎస్టీ రూ.359. వెరసి రూ.2,354. రూ.2,500 విలువైన బోనస్ ఒక్క నెలలో ఆవిరి. పైగా పాత బాకీ ఉండగా కొత్తగా కొన్న వాటికి వడ్డీ లేని గడువు కూడా దక్కదు. అరకు ఏటీఎంలో ఇదే కార్డుతో నగదు తీస్తే ఛార్జీ పడుతుంది, వడ్డీ ఆ రోజునుంచే మొదలవుతుంది.

మన్యం ఎరిగిన లెక్క

ముందు ఇచ్చి తర్వాత కొలుచుకునే పద్ధతి ఆ కొండలకు కొత్త కాదు. ఒకప్పుడు షావుకారు ఉప్పో, బట్టో, విత్తనాలో ముందుగా ఇచ్చేవాడు. పంట చేతికొచ్చాక చింతపండు, పసుపు తనకే అమ్మాలి. ధర ఆయనదే, కొలత కూడా ఆయనదే. ఈ దోపిడీకి అడ్డుకట్టగానే 1956లో గిరిజన సహకార సంస్థ పుట్టింది. అటవీ ఉత్పత్తులు కొనడం, నిత్యావసరాలు అమ్మడం, అప్పులివ్వడం తన పనిగా పెట్టుకుంది. ఏజెన్సీలో వడ్డీ వ్యాపారానికి లైసెన్సు తప్పనిసరి చేస్తూ 1960లో ప్రత్యేక చట్టం వచ్చింది.

కార్డు కంపెనీని ఆనాటి షావుకారుతో సమానం చేయలేం. మనకు చదువుంది, వద్దనే స్వేచ్ఛ ఉంది. కానీ ఒక పోలిక మాత్రం ఉంది. పాయింటును కొలిచే కుంచం కంపెనీ చేతిలోనే ఉంటుంది. ఈ ఏడాది 50 పైసలు చేసే పాయింటును వచ్చే ఏడాది 30 పైసలు చేసినా మనం చేయగలిగింది తక్కువ. అందుకే పాయింట్లను పోగేసి దాచుకోవద్దు. వచ్చినప్పుడే వాడేయండి.

అలాగని కార్డే చెడ్డదనలేం. మన తెలుగునేలపై పుట్టిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. ఆ బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది కానీ, కార్డు సౌకర్యం మాత్రం ఇంటింటికీ చేరింది. గడువులోగా బిల్లు మొత్తం కట్టేవారికి అది వడ్డీ లేని చేబదులు. రుసుము లేకుండా ఇచ్చే కార్డుతో రూ.500 కూపన్ వస్తే అది నికరమైన లాభమే.

చట్టం కూడా కొంత తోడుంది. రిజర్వు బ్యాంకు 2022లో తెచ్చిన నియమాల ప్రకారం అడగని కార్డు అంటగట్టకూడదు. అంటగట్టి బిల్లు వేస్తే, ఆ ఛార్జీలు వెనక్కి తీసుకోవడమే కాదు, వాటికి రెట్టింపు జరిమానా కూడా మనకు చెల్లించాలి. బాకీ లేనివారు రద్దు చేయమంటే ఏడు పనిదినాల్లో చేయాలి. ఆలస్యమైతే రోజుకు రూ.500 ఇచ్చుకోవాలి. మొదటి ఏడాది బోనస్ ఇచ్చిన కార్డు రెండో ఏడాది రుసుము మాత్రమే అడుగుతుంది. ఆ తేదీని క్యాలెండరులో ముందే రాసిపెట్టుకోండి.

కాబట్టి ఈసారి ఫోను వస్తే మూడు ప్రశ్నలు వేసుకోండి. ఈ పాయింట్లు నేను వెళ్లే చోట చెల్లుతాయా? షరతు కోసం కొత్తగా ఏమైనా కొనాల్సి వస్తుందా? మొదటి బిల్లు మొత్తం ఒకేసారి కట్టగలనా? మూడింటిలో ఒక్కదానికి జవాబు తేడాగా వచ్చినా మర్యాదగా 'వద్దండీ' అనేయండి.

మరి టూరు? జూన్ నుంచి నవంబరు దాకా నెలకు రెండు వేలు పక్కన పెడితే డిసెంబరు నాటికి రూ.12,000 చేతిలో ఉంటాయి. బొంగులో చికెన్ దుకాణం దగ్గరా చెల్లుతాయి, బొర్రా టికెట్టు కిటికీ దగ్గరా చెల్లుతాయి. తిరిగొచ్చాక బిల్లు కూడా రాదు!