వసారాలోని వాదము



మా మామగారికి ఎనుబదియైదేండ్లు. ఉదయము పుచ్చుకొన్న మందు మధ్యాహ్నమునకు మఱచుదురు. హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టు మాట వచ్చెనా, ఒక్క పేరును తప్పరు. ఆ జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా అయిదేండ్లు బొంబాయిలో రోవర్స్ కప్పు గెలిచినది. శిక్షకుడు రహీముగారిని లోకమెఱుగును. 2024లో ఆయన కథ చలనచిత్రముగా వచ్చినది. 1952, 1956 ఒలింపిక్సులలో నాడిన నూర్ మహమ్మదు పేరైనను గ్రంథములలో దొరకును.

మామగారికి వీరితో పనిలేదు. గోలు కొట్టువాని కాలికడకు బంతిని చేర్చి వెనుదిరిగినవారు, ఒకరు గాయపడిన నాడు ఒక్క పోటీ యాడి మరల కానరానివారు, వీరే ఆయనకు కావలసినవారు. వీరిని గూర్చి ప్రతి శుక్రవారము బాల్యమిత్రునితో వసారాలో వాదము. ఒక పోటీలో ఎడమప్రక్క నాడినది అన్నయని మామగారు, తమ్ముడని ఆ మిత్రుడు. కాఫీ చల్లారినను తెగెడిది కాదు. "ఇంట బియ్యమున్నవో లేవో యెఱుగరు గాని, ఎవరి తమ్ముడో మీకేల?" అని అత్తగారు విసుగుకొనెడివారు. (ఆమెయు తలుపుచాటున విను చుండెడివారని నా యనుమానము.)

గడచిన మాఘమున ఆ మిత్రుడు కాలధర్మము నొందిరి. తరువాతి శుక్రవారము మామగారు రెండు కుర్చీలు వేయించుకొని, ఒక్కరే వీథి వంక చూచుచు కూర్చుండిరి. కాఫీ ముట్టలేదు. కొంతసేపటికి అత్తగారు వచ్చి రెండవ కుర్చీలో కూర్చుండి, "ఆడినది తమ్ముడే" అనిరి.

మామగారు ఇటు తిరిగి, "కాదు, అన్నయే" అనిరి.