వదిలేసిన పిల్లర్లనూ లెక్కలోకి తీసుకోండి

గనుల భద్రత డైరెక్టర్ జనరల్ గారికి, ధన్‌బాద్

అయ్యా,

మధ్యలో స్తంభాలు (పిల్లర్లు) వదిలి గ్యాలరీలు తవ్వే బోర్డ్ అండ్ పిల్లర్ బొగ్గు గనుల్లో గ్యాలరీ వెడల్పు 4.8 మీటర్లు, ఎత్తు 3 మీటర్లు దాటకూడదని నిబంధనలు చెబుతాయి. లోతును బట్టి పిల్లర్ల కొలతలనూ నిర్దేశిస్తాయి. తవ్వేనాటి రక్షణకు ఇవి అవసరమే, కానీ తవ్వి వదిలేసిన చోటుకు చాలవు. ఎస్టోనియాలోని ఇడా-విరు ఆయిల్ షేల్ గనులే అందుకు సాక్ష్యం. అక్కడ పైకప్పును నిలపడానికి షేల్‌లో గణనీయమైన భాగాన్ని పిల్లర్లుగా వదిలేస్తారు. అయినా కొన్నిచోట్ల అవి ఏళ్ల తర్వాత కూలి, పైన నేల కుంగింది. ఎడతెగని బరువు కింద రాయి నెమ్మదిగా నలుగుతుంది, నీరు చేరితే ఇంకా బలహీనపడుతుంది. ఒక పిల్లర్ విరిగితే దాని భారం పక్కవాటిపై పడుతుంది. 1960లో దక్షిణాఫ్రికాలోని కోల్‌బ్రూక్ బొగ్గు గనిలో వందలాది పిల్లర్లు ఇలా వరుసగా కూలి 435 మంది చనిపోయారు.

రూఫ్ బోల్టులున్నాయి కదా అనవచ్చు. అవి పైకప్పు పొరలను కలిపి పట్టుకుంటాయే తప్ప పిల్లర్‌కు బలం పెంచవు. పిల్లర్లు పెద్దవైతే ఖనిజం వృథా అన్న అభ్యంతరం న్యాయమైనదే. అందుకే అన్నిచోట్లా పెంచమనడం లేదు, స్థానిక రాయిని పరీక్షించి పరిమాణం తేల్చమంటున్నాను. మూసిన చోటికి మనిషి వెళ్లలేడన్నదీ నిజమే. కానీ ముందే అమర్చిన పరికరాలు, పైన నేల మట్టం కొలతలు కదలికను పసిగట్టగలవు. సింగరేణితో సహా ప్రతి భూగర్భ గనిలో ఈ కొలతలను మూసివేత తర్వాత కూడా తప్పనిసరి చేసి, పైన నివసించేవారికి అందుబాటులో ఉంచండి.

ఇట్లు,
ఒక పౌరుడు