ఇక్కడ వద్దు బాబూ

ఈ వారం నేర్చుకున్న మాట రాజద్రోహం. ఇంగ్లీష్ మీడియంలో చదివిన నాకు అరవై దాటాక దొరికింది. ఎందుకు వెతికానో చెప్తాను.

గుడిలో అన్నదానానికి కూరగాయలు తరుగుతున్నాం. యూనివర్సిటీలో చదివే ఒక అబ్బాయి, "ఆంటీ, గాజా యుద్ధం గురించి మీరేమంటారు?" అని అడిగాడు. "ఇక్కడ వద్దు బాబూ" అన్నాను. వాడు ఊరుకున్నాడు. నాకే మనసు బాగోలేదు.

నా భయం ఉత్తది కాదు. ఇక్కడ అన్ని మతాలవాళ్ళం ఒకే బ్లాకులో ఉంటాం. 2023 అక్టోబర్‌లో, ఈ యుద్ధం మీద హాంగ్ లిమ్ పార్కులో సభలకు అనుమతి ఇవ్వమని పోలీసులు చెప్పారు. మంచిదే అనుకున్నాను.

కానీ 1954 సంగతి చదివాను. అప్పుడు మలయాలో ఎమర్జెన్సీ. అడవుల్లో కమ్యూనిస్టులతో బ్రిటిష్‌వాళ్ళు యుద్ధం చేస్తున్నారు. ఇక్కడి యూనివర్సిటీ విద్యార్థులు 'ఫజర్' అనే పత్రికలో ఆసియాలో దురాక్రమణ గురించి రాశారు. (ఫజర్ అంటే మలయ్‌లో తెల్లవారుజాము. ఈ మాట కూడా నాకు నచ్చింది.) ఎనిమిది మంది మీద రాజద్రోహం కేసు పెట్టారు. ఆగస్టులో కోర్టు కొట్టేసింది. వాళ్ళ తరఫు లాయర్లలో ఒకరు లీ క్వాన్ యూ! ఆ వ్యాసం వల్ల సింగపూర్ ఏమీ కూలిపోలేదు.

వంటింట్లో ఆ గొడవ వద్దని ఇప్పటికీ అంటాను. క్లాసులో మాత్రం మాట్లాడనివ్వాలి. అక్కడా వద్దంటే పిల్లలు ఫోన్‌లో చూసిందే నమ్ముతారు. ఫోన్‌లో ఎదురు ప్రశ్న వేసే టీచర్ ఉండదు కదా.

శనివారం ఆ అబ్బాయి మళ్ళీ వస్తాడు. గిన్నెలు కడిగాక, బయట కోపి తాగుతూ ఈసారి నేనే అడుగుతాను.