దళారి పూర్వోత్తరములు, భూమి పూర్వోత్తరములు

ఇండ్లు అమ్మిపెట్టెడి దళారుల జీవితములు సయితము వినోదవస్తువులగు కాలము వచ్చినది. అమెరికాలోని బ్రావో టెలివిజన్ వారు 2006లో "మిలియన్ డాలర్ లిస్టింగ్" అను కార్యక్రమమును ప్రారంభించిరి. లాస్ ఏంజెలెస్ నగరమున ధనికుల భవనములను విక్రయించు ఏజెంట్ల బేరసారములు, అసూయలు, ఆడంబరములు అందలి కథావస్తువు. 2019లో నెట్‌ఫ్లిక్స్ వారు "సెల్లింగ్ సన్‌సెట్" అను మరియొకదానిని వెలువరించిరి. ఇవి నేడు మన యిండ్లకును వచ్చినవి. చూచినవారు చూచి యూరకుండుట లేదు. ఈ ఏజెంటు గర్విష్ఠియా, ఆమె నిష్కపటయా, ఇతడు పేదవాడై పుట్టి పైకి వచ్చినవాడా, ఆమెకు ఇంతటి ఐశ్వర్యమెక్కడిది అని దీర్ఘచర్చలు సాగించుచున్నారు. అమ్మకమునకు వచ్చిన యిల్లు మాత్రము ఆ చర్చలలో కానరాదు.

దూరదేశపు వినోదమే యైనచో దీనినిగూర్చి మేము వ్రాయవలసిన పని లేదు. కాని భూమి కొనునపుడును మనవారికి ఈ యలవాటే యున్నది. ఖమ్మము మొదలుకొని కొత్తగూడెము, పాల్వంచల మీదుగా భద్రాచలము వరకు నడచు రహదారిని తలచుకొనుడు. మొక్కజొన్న కోసిన చేలలో రంగురాళ్లు పాతి, ఎఱ్ఱమట్టి బాట వేసి, దానికొక వెంచరని పేరుపెట్టి, ఏజెంటు తానే కెమెరా యెదుట నిలిచి చేతులు త్రిప్పుచు వర్ణించు చిత్రములు సెల్‌ఫోనులలో వచ్చుచున్నవి. వానిని చూచిన మన పెద్దలు ఏమి విచారించుచున్నారు? అతడెవరి కుమారుడు? ఏ యూరివాడు? ఏ కులము? పూర్వమే యుద్యోగము చేసెను? ఏ కారులో తిరుగుచున్నాడు? "మనవాడే, మాట మంచిది, మోసగాడు కాడు" అని తేలినంతనే బయానా చేతులు మారుచున్నది. దళారి పూర్వోత్తరములు ఏడు తరములవరకు తెలిసికొన్నవారు భూమి పూర్వోత్తరములు ఒక్క తరమునకైనను విచారింపకుండుట వింతగా నున్నది.

దళారి శీలమునకు విలువయే లేదని మేమనము. పూర్వము గ్రామములలో బేరము కుదుర్చు పెద్దమనిషి ఆ గ్రామమునందే పుట్టి, ఆ గ్రామమునందే గిట్టువాడు. తాను చెప్పిన మాట తప్పినచో మరునాడు రచ్చబండకడ తల యెత్తుకొనలేడు. అమ్మినవానిని, కొన్నవానిని, సరిహద్దురాతిని అతడెఱుగును. అట్టివాని శీలమొక విధమైన పూచీ. తెరపై కనబడు శీలమట్టిది కాదు. అది కూర్పబడినది. "మిలియన్ డాలర్ లిస్టింగ్" న్యూయార్కు శాఖలో ప్రసిద్ధికెక్కిన రయన్ సెర్‌హాంట్, "సెల్లింగ్ సన్‌సెట్"లోని క్రిషెల్ స్టౌస్ ఇరువురును అంతకుముందు టెలివిజన్ ధారావాహికలలో నటించినవారే. బాల్యమున నిలువ నీడలేని దినములు గడిపినట్లు ఆమె తానే చెప్పుకొన్నది. అది విని ప్రేక్షకుని హృదయము కరగుట సహజము. అయినను కరగిన హృదయము ఇంటి గోడలో బీటను చూపదు.

ఇందులో న్యాయముగ చెప్పవలసిన సంగతి యొకటి కలదు. ఆ అమెరికా కార్యక్రమమున భవనము ధరయు, ఏజెంటునకు రాదగు కమీషనును అంకెలతో తెరపై కనబడును. మన దళారి లాభమెంతయో కొన్నవానికి గాని అమ్మినవానికి గాని తెలియుట యరుదు. కాలిఫోర్నియాలో ప్రభుత్వపు లైసెన్సు లేనివాడు ఈ వృత్తి చేయరాదు. ఆ లైసెన్సును ఎవరైనను పరీక్షించి చూచుకొనవచ్చును. హక్కుపత్రముల పరీక్ష అచ్చట వేరొక సంస్థ చేయును. అది వినోదకరము కాదు గనుక తెరపైకి రాదు. తెరపైకి రానిది మరియొకటియు నున్నది. ఆ కొండలు, ఆ మైదానములు మొదట టోంగ్వా అను ఆదిమజాతివారివి. కాలిఫోర్నియాలోని ఆదిమజాతులతో 1851, 1852 సంవత్సరములలో చేసికొన్న 18 ఒడంబడికలను అమెరికా సెనేటు ఆమోదింపక పెట్టెలో దాచియుంచెను. 1905 వరకు అవి లోకమునకు తెలియలేదు. ఏజెంటు పాదరక్షల వెలనుగూర్చి తర్కించు ప్రేక్షకుడు ఈ ప్రశ్న నెన్నడును వేయడు.

ఇప్పుడు మన సీమకు వత్తము. ఆదిమజాతుల భూమిని అన్యులు కొనరాదని శాసించిన ప్రాంతము మన యింటి ముంగిటనే యున్నది. భద్రాచలము తాలూకా పూర్వము మద్రాసు రాజధానిలోని గోదావరి మన్యమునకు చేరినది. పాల్వంచ వైపు నిజాము రాజ్యము. 1959లో ఆ తాలూకాను ఖమ్మము జిల్లాలో కలిపిరి. గవర్నరు తరపున ఏజెంటు పాలించుటచేత మన్యమునకు ఏజెన్సీ యను పేరు వచ్చినది. నేటికిని ఈ ప్రాంతపు భూచట్టము క్రింద కలెక్టరే ప్రభుత్వపు ఏజెంటు. గిరిజనుని భూమిని కాపాడుట ఆ ఏజెంటు ధర్మము. నేడు ఏజెంటు అనగానే మనకు గుర్తు వచ్చువాడు దానిని అమ్మించువాడు!

ఈ రక్షణ నేటిది కాదు. బ్రిటిషు ప్రభుత్వము 1917లోనే ఏజెన్సీ భూముల బదలాయింపును నిరోధించు చట్టము చేసెను. అటుపిమ్మట 1959 నాటి ఒకటవ రెగ్యులేషను వచ్చెను. దానిని 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతములకు వర్తింపజేసిరి. 1970లో దానిని సవరించి మరింత కట్టుదిట్టము చేసిరి. దీనినే జనులు "వన్ ఆఫ్ సెవెంటీ" యందురు. దాని సారమిది: షెడ్యూల్డు ప్రాంతములో ఎవ్వరును, గిరిజనుడైనను గిరిజనేతరుడైనను, తన స్థిరాస్తిని గిరిజనేతరునకు బదలాయింపరాదు. బదలాయించినను అది చెల్లదు. అమ్మకమే కాదు, తాకట్టు, కౌలు, దానము, మారకము అన్నియు బదలాయింపులే. అచ్చట గిరిజనేతరుని స్వాధీనములో నున్న భూమి గిరిజనునినుండి సంక్రమించినదనియే, కాదని ఋజువగు పర్యంతము, చట్టము భావించును. 1978లో చేసిన సవరణచేత ఉల్లంఘించినవాడు శిక్షార్హుడయ్యెను. ఈ రెగ్యులేషను రాజ్యాంగసమ్మతమని సుప్రీముకోర్టు 1988లో తీర్పు చెప్పెను. 1970కి పూర్వము జరిగిన కొన్ని క్రయములకు రక్షణ కలదు. కాని ఆ రక్షణ పత్రములవలన సిద్ధింపవలయునే గాని, దళారి మాటవలన సిద్ధింపదు.

పాఠకమహాశయులు ఇందులోని మర్మమును గ్రహింపవలయును. ఈ ప్రాంతమున దళారి ఎంతటి సత్యవంతుడైనను చెల్లని అమ్మకమును చెల్లునట్లు చేయలేడు. కపటియైన దళారి చెల్లు భూమిని అమ్మినచో మీకు కొంత సొమ్ము నష్టమగునేమో! హరిశ్చంద్రుని వంటి దళారి చెల్లని భూమిని అమ్మినచో సర్వస్వమును నష్టమే. షెడ్యూల్డు ప్రాంతపు ఎల్ల కొండను బట్టియో యేటిని బట్టియో యేర్పడినది కాదు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వులలో తెలంగాణ వైపు గ్రామముల పేళ్లు వరుసగ వ్రాసిరి. కావున ఒక గ్రామము జాబితాలో నుండగా, దాని పొరుగు గ్రామము వెలుపల నుండవచ్చును. ఒకే బాట, ఒకే నేల, ఒకే పంట. ఇటు అమ్మకము చెల్లును, అటు చెల్లదు. కెమెరా ఆ రేఖను చూపునా?

చట్టము కఠినమైనకొలది దొడ్డిదారులు వెదకువారు పెరిగిరి. తెల్లకాగితముపై ఒప్పందము, నోటరీ ముద్ర, ఎవరో గిరిజనుని పేర బేనామీ క్రయము, తరతరములు సాగు కౌలు, ఇవన్నియు మన సీమ యెఱిగినవే. ఇవి కొన్నవానికి రాత్రి నిద్రలేకుండ చేయును. అంతకుముందే అమ్మినవానికి కూడు లేకుండ చేయును. కోయ రైతు వివాహమునకో, వైద్యమునకో చేసిన స్వల్పమైన అప్పు మొదట పంటను, పిదప పొలమును హరించినది. 1945లో హైమన్‌డార్ఫ్ పండితుడు హైదరాబాదు రాజ్యపు ఆదిమజాతులనుగూర్చి ప్రకటించిన నివేదికలలో ఈ దురవస్థనే ప్రభుత్వమునకు ఎఱుకపరచెను. అడవి యంచున పోడు చేసికొనువారికి 2006 నాటి అటవీహక్కుల చట్టముచేత పట్టాలు లభించుచున్నవి. ఆ పట్టా వారసులకు సంక్రమించును గాని యెవ్వరికిని అమ్ముటకు వీలులేదు. దానిపై బేరమాడువాడు ఏమి అమ్ముచున్నాడో, కొనువాడు ఏమి కొనుచున్నాడో ఆలోచింపుడు.

"భద్రాచలమున మూడు తరములుగ నివసించు గిరిజనేతరునకు తలదాచుకొన ఇల్లక్కరలేదా?" యని కొందరడుగుదురు. ఈ ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. వర్తకులు, ఉద్యోగులు, ఆలయమును ఆశ్రయించి బ్రదుకువారు ఆ పట్టణమున చిరకాలముగ నున్నారు. వారి యిబ్బంది యథార్థము. కాని దానికి మార్గము శాసనకర్తలను బహిరంగముగ అడుగుట. చీకటిలో తెల్లకాగితము వ్రాసికొనుట మార్గము కాదు. ఆ కాగితము గిరిజనుని హక్కును హరించును, గిరిజనేతరునకు హక్కు నీయదు. ఇరువురినడుమ లాభపడువాడు కమీషను పుచ్చుకొని వెడలిన దళారి యొక్కడే.

దీనికితోడు పాలనాసరిహద్దులును మారినవి. 2014లో రాష్ట్రవిభజనానంతరము పోలవరము నిమిత్తమై భద్రాచలము చుట్టునున్న మండలములు ఆంధ్రప్రదేశమునకు పోయినవి. పట్టణము తెలంగాణలో మిగిలినది. రామాలయపు మాన్యభూములున్న పురుషోత్తపట్నము ఆవలి రాష్ట్రములోనికి చేరినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెము జిల్లా యేర్పడినది. తెలంగాణ భూదస్త్రములు 2020లో ధరణికి, 2025లో భూభారతికి మారినవి. ఇట్టి మార్పులలో తికమకపడుట సామాన్యునకు సహజము. ఆ తికమకయే దళారికి పెట్టుబడి. "ఆ చట్టము ఇటు వర్తింపదు" అని ధైర్యముగ చెప్పువానిని నమ్మబుద్ధి పుట్టును. రాష్ట్రము మారినను, జిల్లా మారినను షెడ్యూల్డు గ్రామము షెడ్యూల్డు గ్రామమే యని గుర్తుంచుకొనవలయును.

కావున బయానా యిచ్చుటకు పూర్వము మనవారు అడుగవలసిన ప్రశ్నలు వేరు. ఆ గ్రామము షెడ్యూల్డు జాబితాలో నున్నదా? పాత పహాణీలలో, లింకు దస్తావేజులలో ఆ సర్వే నంబరు ఎవరి పేర నున్నది? అందొక కోయ పేరు కనబడి మాయమైనచో ఎప్పుడు, ఎట్లు మాయమయ్యెను? ఆ భూమిపై భద్రాచలమునందలి గిరిజనసంక్షేమ స్పెషల్ డిప్యూటీ కలెక్టరు కోర్టులో దావా యేదైన నున్నదా? అటవీశాఖ హద్దురాయి ఎచ్చట నున్నది? వేసవిలో తీసిన చిత్రమున పొడిగ నున్న నేలపై గోదావరి ఎంత యెత్తున పారినది? 1986లో భద్రాచలమున నీటిమట్టము 75.6 అడుగులకు, 2022 జులైలో 71.3 అడుగులకు చేరిన సంగతి ఏ ఏజెంటును తనంతట చెప్పడు.

దళారిని విచారింపదలచితిరా, దానికిని మార్గము కలదు. 2016 నాటి రియల్ ఎస్టేటు నియంత్రణ చట్టము ప్రకారము, ఆ చట్టము క్రింద నమోదుకావలసిన లేఅవుటులోని ప్లాట్లు అమ్మిపెట్టు ఏజెంటు తానును నమోదు కావలయును. నమోదు కాని లేఅవుటును అమ్మిపెట్టరాదు, అసత్యప్రచారము చేయరాదు, లెక్కలు చూపవలయును. రెండు రాష్ట్రములలోను రెరా సంస్థలున్నవి. అతని కులమును, కారును అడుగుటకు మారుగ అతని నమోదు సంఖ్యను అడుగుడు. చెప్పినచో సరిచూచుకొనుడు. చెప్పక నవ్వి మాట మార్చినచో అతని శీలమునుగూర్చి మీకు తెలియవలసినదంతయు తెలిసినట్లే.

ప్రభుత్వమునకును కర్తవ్యము కలదు. షెడ్యూల్డు గ్రామముల జాబితాను ప్రతి పంచాయతీ కార్యాలయము గోడపై పెద్దయక్షరములతో వ్రాయించుటకు గొప్ప వ్యయము కాదు. రహదారిపై ఆ గ్రామముల పొలిమేరలలో "ఇచ్చట గిరిజనేతరులకు భూమి బదలాయింపు చెల్లదు" అని పలకలు నాటించుట కష్టము కాదు. వెంచరువారి పలకలు అడుగడుగున లేచుచుండగా చట్టపు పలక యొక్కటియైన లేవరాదా?

భూస్వాములగు మా పాఠకులలో పలువురకు తమ యింటి పొలము నాలుగు తరముల చరిత్ర కంఠస్థముగ నుండును. తాత ఎవరికడ కొనెనో, ఏ గట్టుపై తగవు వచ్చెనో తడుముకొనక చెప్పగలరు. తమ భూమియెడల గల ఆ శ్రద్ధను కొనబోవు భూమియెడలను చూపవలయును. అపుడా చరిత్రలో తమకు ముందు ఆ నేలను దున్నిన కోయవాని పేరు కనబడవచ్చును. కనబడినచో చేయి వెనుకకు తీసికొనుట ధర్మము, చట్టము, లాభము కూడ.