పెండ్లికి రాకుంటే రాకపోనీ, పార్లమెంటుల అడిగిండా?

వరంగల్‌ల ఎంపీ ముచ్చట తీస్తే అందరి నోట ఒక్కటే మాట: "కనిపిస్తలేడు." హన్మకొండ చౌరస్త చాయ్ హోటల్ల, కాజీపేట రైల్వే క్వార్టర్లల్ల, ఎనుమాముల మార్కెట్ల పత్తి బస్తాల నడుమ ఎక్కడ అడిగినా గిదే ముచ్చట. ఓట్లప్పుడు వచ్చిండు, దండం పెట్టిండు, పోయిండు. బిడ్డ పెండ్లికి పిలిస్తే రాలే. నాయిన దినాలకు రాలే. వినాయకుని మండపానికి చందా అడుగుదామంటే పీఏ ఫోను ఎత్తలే. ఇది ఒక్క ఎంపీ మీద చెప్పే మాట కాదు. ఎంపీలు మారిండ్రు, జెండాలు మారినయ్. ఈ మాట మాత్రం మారలే.

కోపం నిజమే, దాన్ని కాదనేది లేదు. కానీ మనం ఎంపీని కొలిచే కొలతనే తప్పు. పెండ్లి పత్రికలు పట్టుకొని లెక్క చూస్తున్నం, పార్లమెంటు రికార్డు పట్టుకొని చూస్తలేం. ఈ సంగతి ఎంపీలకు మనకన్న మంచిగ తెలుసు. అందుకే ఉషారున్నోడు నాలుగు పెండ్లిళ్లకు పోయి అక్షింతలు ఏస్తడు, నాలుగిండ్లల్ల పరామర్శ చేస్తడు, రెండు చౌరస్తలల్ల లైట్లు పెట్టిస్తడు. అంతటితోని "మంచోడు" అయిపోతడు. ఢిల్లీల ఐదేండ్లు నోరిప్పకున్నా అడిగే దిక్కుండదు. నిజంగ అక్కడ కొట్లాడేటోడు ఉంటే వానికి మాత్రం "ఊర్ల ఉండడు" అని పేరొస్తది.

ఎంపీ చేతుల ఏమున్నది?

ముందుగాల పైసల సంగతి. ఎంపీ నిధుల పథకం 1993 డిసెంబర్‌ల మొదలైంది. 2011-12 నుంచి ఒక్కొక్క ఎంపీకి ఏడాదికి 5 కోట్లు. వినడానికి పెద్ద మొత్తమే. వరంగల్ లోక్‌సభ కింద స్టేషన్ ఘన్‌పూర్, పాలకుర్తి, పరకాల, వరంగల్ పశ్చిమ, వరంగల్ తూర్పు, వర్ధన్నపేట, భూపాలపల్లి అని ఏడు అసెంబ్లీ నియోజకవర్గాలున్నయ్. ఏడుతోని భాగిస్తే ఒక్కొక్కదానికి 71 లక్షలు. ఆ 71 లక్షలను మళ్ల ఊర్లకు, వాడలకు పంచితే ఏం మిగులుతది? పైగా ఆ పైసలు ఎంపీ జేబులకు రావు. పని ఫలానాది అని ఎంపీ సిఫారసు చేస్తడు, మంజూరు చేసేది జిల్లా యంత్రాంగం. 15 శాతం ఎస్సీ వాడలకు, ఏడున్నర శాతం ఎస్టీ గూడాలకు, తండాలకు పోవాలె. కరోన వచ్చినప్పుడు 2020 ఏప్రిల్‌ల కేంద్రం ఈ నిధులనే ఆపింది, మళ్ల 2021 నవంబర్‌ల తెరిచింది. కాబట్టి బోర్లు, లైట్లు, కమ్యూనిటీ హాళ్లు చూసి ఎంపీని మెచ్చుకునుడు, తిట్టుడు రెండూ చిన్న లెక్కలే. నిధుల లెక్క అడగాలె, కానీ అసలు పని అది కాదు.

అసలు పని అడుగుడు. లోక్‌సభ నడిచే ప్రతి రోజు ప్రశ్నోత్తరాల గంటల 20 ప్రశ్నలకు మంత్రులు నిలబడి జవాబు చెప్పాలె. ఇంకో 230 ప్రశ్నలకు రాతల జవాబు ఇయ్యాలె. పదిహేను రోజుల ముందు నోటీసు ఇస్తే చాలు. దానికి పార్టీ పెద్దల చుట్టు తిరుగుడు అక్కరలేదు, కాంట్రాక్టర్ అక్కరలేదు, పైస ఖర్చు లేదు. జీరో అవర్ ఉన్నది, 377 నిబంధన కింద నియోజకవర్గం సమస్య చదివి రికార్డుకెక్కించొచ్చు. "పరిశీలిస్తం" అని మంత్రి సభల అన్నడంటే అది వట్టి మాట కాదు. దాన్ని హామీ కింద రాసుకొని మూడు నెలలల్ల నెరవేర్చాలె. నెరవేర్చకుంటే ఎందుకు కాలేదని చూసే కమిటీ కూడ పార్లమెంటుల ఉన్నది. జిల్లల కేంద్ర పథకాలు ఎట్ల నడుస్తున్నయో చూసే దిశ కమిటీకి అధ్యక్షత వహించేది కూడ ఎంపీనే. ఇన్ని తలుపులున్నయ్. తట్టిండా, తట్టలేదా అన్నదే మనం అడగాల్సిన ప్రశ్న.

కోచ్ ఫ్యాక్టరీ చెప్పే పాఠం

అడుగుడు ఆగితే ఏమయితదో వరంగల్‌కు తెలిసినంత ఇంకెవరికి తెల్వదు. ఢిల్లీ, హైదరాబాద్, విజయవాడ దారులు కలిసే జంక్షన్ కాజీపేట. 1980ల మొదట్లనే ఇక్కడ రైలు డబ్బాల ఫ్యాక్టరీ వస్తదన్నరు. 1984 అక్టోబర్‌ల ఇందిరాగాంధీ హత్య జరిగింది, పంజాబ్ మండింది. 1985 ఆగస్టుల అదే పంజాబ్‌ల, కపూర్తలాల రాజీవ్‌గాంధీ కోచ్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసిండు. పంజాబ్‌ను చల్లార్చేటందుకు మన నోటికాడి బుక్క అటు పెట్టిండ్రన్న బాధ ఈ గడ్డ మీద ఇప్పటికీ ఉన్నది. అక్కడి కార్మికుల మీద మనకు కోపం లేదు. మన దిక్కు కొట్లాడినోళ్ల బలం ఎందుకు సాలలేదన్నదే లెక్క.

అప్పుడు మన దిక్కు ఎవలున్నరు? 1984 ఎన్నికలల్ల వరంగల్ నుంచి తెలుగుదేశం పార్టీ కల్పనాదేవి గెలిచిండ్రు. హన్మకొండల పీవీ నరసింహారావును ఓడగొట్టి బీజేపీ జంగారెడ్డి గెలిచిండ్రు. దేశం మొత్తం మీద ఆ పార్టీకి వచ్చినయే రెండు సీట్లు, అండ్ల ఒకటి మన హన్మకొండ. తెలుగుదేశం 30 మంది ఎంపీలతోని లోక్‌సభల కాంగ్రెస్ తర్వాత అతి పెద్ద పార్టీ. అయినా ఫ్యాక్టరీ ఆగలే. 1991 నుంచి 1996 దాక మన జిల్లల పెరిగి, హన్మకొండ నుంచి రెండుసార్లు ఎంపీ అయిన పీవీనే ప్రధానమంత్రి. అప్పుడూ రాలే. ప్రతిపక్షంల ఉన్నమని ఒకసారి రాకపాయె, ప్రధానే మనోడైనా ఇంకోసారి రాకపాయె. అధికారం ఎవలిదన్నదాని కన్న ఒత్తిడి ఎంతున్నదన్నదే పెద్దదని దీన్నిబట్టి అర్థం కావాలె.

2014ల రాష్ట్రం వచ్చింది. విభజన చట్టం పదమూడో షెడ్యూల్‌ల కోచ్ ఫ్యాక్టరీ మాట పెట్టిండ్రు. ఆ వాక్యం ఒక్కసారి మంచిగ చదువుండ్రి. ఫ్యాక్టరీ పెట్టాలె అని లేదు. ఆరు నెలలల్ల సాధ్యమా కాదా చూసి, తొందరగ నిర్ణయం తీసుకోవాలె అని ఉన్నది. పెట్టుడుకు, చూసుడుకు నడుమ ఎంత తేడా ఉన్నదో తర్వాత తెలిసింది. ఉన్న ఫ్యాక్టరీలే దేశానికి సరిపోతున్నయ్, కొత్తది అక్కరలేదని రైల్వే శాఖ చెప్పింది. అట్ల అన్న శాఖనే 2018 మార్చిల మహారాష్ట్రల లాతూర్‌ల కొత్త కోచ్ ఫ్యాక్టరీకి పునాది వేసింది. కాజీపేటకు లేని అక్కర లాతూర్‌కు ఎట్ల వచ్చింది? ఈ ప్రశ్నను సభల ఎన్నిసార్లు లేపిండ్రు, ఏం జవాబు తెచ్చిండ్రు అన్నది ఆనాటి ఎంపీలు ఓటర్లకు చెప్పాల్సిన లెక్క.

ఆఖరికి 2023 జూలై 8న ప్రధాని మోదీ వరంగల్‌కు వచ్చి, కాజీపేట రైల్వే తయారీ యూనిట్‌కు శంకుస్థాపన చేసిండు. 500 కోట్లకు పైచిలుకు పని. నలభై ఏండ్ల లొల్లికి దొరికింది ఇది. సంతోషమే. కానీ పునాది రాయి పడంగనే అడుగుడు బందు పెడితే మళ్ల మోసపోతం. ఏడాదికి ఎన్ని డబ్బాలు, ఎన్ని వ్యాగన్లు? పర్మినెంటు కొలువులెన్ని, కాంట్రాక్టు కూలీలెందరు? భూములు పోయిన కుటుంబాలకు ఏమిచ్చిండ్రు? మన ఐటీఐ పిల్లలకు అప్రెంటిస్ సీట్లెన్ని? ఈ నాలుగు ప్రశ్నలకు రైల్వే మంత్రి నుంచి రాతల జవాబు తేవాల్సింది ఎంపీ.

ఆజంజాహి మిల్లు ముచ్చట కూడ గంతే. 1934ల పుట్టిన మిల్లు, వేల కుటుంబాలకు బువ్వ పెట్టిన మిల్లు. కేంద్ర ప్రభుత్వ సంస్థ అయిన ఎన్‌టీసీ చేతుల ఉండంగనే మూతబడ్డది. కేంద్ర సంస్థ అంటే పార్లమెంటుకు జవాబు చెప్పే సంస్థ. ఇప్పుడు గీసుగొండ దిక్కు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉన్నది, 2023ల కేంద్రం దాన్ని పీఎం మిత్ర పథకంల చేర్చింది. మిల్లుకు పట్టిన గతి పార్కుకు పట్టొద్దంటే ఇప్పటిసంది అడగాలె.

గాలిల గెలిపిస్తం, తర్వాత మరుస్తం

మన ఓటుకు గుణమొకటున్నది. గాలి వస్తే గంప గుత్తగ ఏస్తం. 1971ల తెలంగాణ ప్రజాసమితికి 14 సీట్లల్ల 10 ఇచ్చినం, వరంగల్‌ల ఎస్.బి. గిరిని గెలిపించినం. ఆ ఏడాదే సమితి కాంగ్రెస్‌ల కలిసింది. 1977ల అదే గిరిని కాంగ్రెస్ గుర్తు మీద మళ్ల గెలిపించినం. 2004ల టీఆర్ఎస్ ఐదుగురు ఎంపీలల్ల ఇద్దరిని మన జిల్లనే ఇచ్చింది: వరంగల్ నుంచి రవీంద్రనాయక్, హన్మకొండ నుంచి వినోద్‌కుమార్. 2008 మార్చిల రాజీనామాలు చేసి ఉప ఎన్నికకు వస్తే హన్మకొండ మళ్ల వినోద్‌కుమార్‌ను గెలిపించింది, వరంగల్ మాత్రం తెలుగుదేశం ఎర్రబెల్లి దయాకర్‌రావును పంపింది. ఉద్యమం ఒక్కటే, పార్టీ ఒక్కటే, పక్కపక్క సీట్లల్ల తీర్పులు రెండు. ఓటరుకు లెక్క తెల్వదనేటోళ్లు ఇది యాదికుంచుకోవాలె.

2014ల కడియం శ్రీహరిని మూడు లక్షల తొంభై వేలకు పైగ మెజారిటీతోని పంపినం. ఏడాది తిరగకముందే, 2015 జనవరిల ఉప ముఖ్యమంత్రి అయిండ్రు, ఎంపీ కుర్చీ ఖాళీ అయింది. నవంబర్‌ల ఉప ఎన్నిక పెడితే పసునూరి దయాకర్‌కు 4,59,092 ఓట్ల మెజారిటీ ఇచ్చినం. 2019ల మళ్ల గెలిపించినం. 2024 మార్చి వచ్చేసరికి ఏమాయె? సిట్టింగ్ ఎంపీ దయాకర్ కాంగ్రెస్‌ల చేరిండ్రు. మాజీ ఎమ్మెల్యే ఆరూరి రమేశ్ బీజేపీకి పోయి ఆ పార్టీ అభ్యర్థి అయిండ్రు. బీఆర్ఎస్ టికెట్ ప్రకటించిన కడియం కావ్య, ఆ టికెట్ వద్దని కాంగ్రెస్‌ల చేరి, రెండు లక్షల ఇరవై వేలకు పైగ ఓట్లతోని గెలిచిండ్రు. ఒక్క పార్టీల నుంచి ముగ్గురు, ఒక్క నెలల రెండు దిక్కులకు. ఎందుకు పోయిండ్రో ఎవల కారణాలు వాళ్లు చెప్పుకున్నరు. నాలుగున్నర లక్షల మెజారిటీ ఇచ్చిన ఓటరును అడిగి పోయిందెవరు? అంత మెజారిటీ ఇచ్చినప్పుడు మనం ఒక్క కాయిదం మీద ఒక్క షరతు రాయించుకున్నమా?

"ఒక్క ఎంపీ ఏం చేస్తడు?"

543 మందిల ఒక్కడు, కేంద్రంల ఇంకో పార్టీ, ఏం చేస్తడంటరు. న్యాయమైన మాటే. ఫ్యాక్టరీ ఎంపీ ఇంట్ల తయారుకాదు. తేలేదని ఒక్కని మీదనే నింద వేసుడు కూడ ధర్మం కాదు. కానీ 2012 ఏప్రిల్‌ల తెలంగాణ కాంగ్రెస్ ఎంపీలు ఎనిమిది మందిని లోక్‌సభ నాలుగు రోజులు సస్పెండ్ చేసింది. కేంద్రంల ఉన్నది వాళ్ల పార్టీ సర్కారే. సొంత సర్కారును సభల నిలదీసి బయటకు పంపబడ్డరు. ఆనాడు ఊర్లల్ల జనం నిద్రపోనియ్యలేదు కాబట్టే ఆ పట్టుదల వచ్చింది. అంటే కింద అడిగేటోళ్లుంటే పైన అడిగేటోళ్లు పుడతరు.

ఇంకో మాట కూడ వినబడతది: "మనోణ్ణి మనమే అంటే ఎట్ల? పగోనికి బలమిచ్చినట్టు కాదా?" ఎంపీని ఒక్క మాటంటే పార్టీ ద్రోహి అంటరు, అవతలోనికి అమ్ముడుపోయిండంటరు, నాలుగు బెదిరింపు ఫోన్లు చేయిస్తరు. ఈ ఊరు కాళోజీ ఊరు. ఎమర్జెన్సీల ముఖ్యమంత్రిగ ఉన్న జలగం వెంగళరావు మీద, ఓడిపోతనని తెలిసి కూడ సత్తుపల్లి పోయి నిలబడ్డ మనిషి కాళోజీ. ఓడిండు, కానీ అడుగుడు మానలే. అసొంటి ఊర్ల ఎంపీని లెక్క అడిగితే ద్రోహమెట్లయితది? ఎంపీని మోసేటోడు అనుచరుడు. ఎంపీని అడిగేటోడు ఓటరు. ఏదో ఒక్కటి తేల్చుకోవాలె.

ఏం అడుగుదాం?

ఏడాదికొక్కసారి, బడ్జెట్ సమావేశాలకు ముందు, వరంగల్ ఎంపీ జనం ముందు కూసోవాలె. పార్టీ మీటింగుల కాదు, బార్ అసోసియేషన్ పిలిచినా, యూనివర్సిటీ పిల్లలు పిలిచినా, కార్మిక సంఘాలు పిలిచినా సరే. పూలదండలు, శాలువలు వద్దు. ఐదు ప్రశ్నలకు జవాబు చాలు.

ఈ ఏడాది సభ ఎన్ని రోజులు నడిచింది, మీరెన్ని రోజులు పోయిండ్రు? వరంగల్ పేరుతోని ఎన్ని ప్రశ్నలు అడిగిండ్రు, ఏం జవాబులొచ్చినయ్? మంత్రులు ఇచ్చిన హామీలల్ల ఎన్ని నెరవేరినయ్, నెరవేరనివాటి మీద మళ్ల అడిగిండ్రా? ఎంపీ నిధులు ఏ ఊరికి ఎంత, పని అయిందా? దిశ మీటింగులు ఎన్ని పెట్టిండ్రు, అధికారులతోని ఏం చేయించిండ్రు?

ఇండ్ల దాచేది ఏమీ లేదు. సభల మాట్లాడిన ప్రతి మాట లోక్‌సభ రికార్డుల ఉంటది. నిధుల కాయిదాలు కలెక్టరేట్‌ల ఉంటయ్, 2005 సమాచార హక్కు చట్టం కింద పది రూపాయల దరఖాస్తుతోని ఎవలైనా తీసుకోవచ్చు. మంచిగ పనిచేసిన ఎంపీకి ఈ ఐదు ప్రశ్నలు పండుగ లెక్క. ఆ రికార్డు చూపి ఛాతి ఇరుసుకొని తిరగొచ్చు. పనిచేయనోనికే అవి బరువు.

కాబట్టి ఎంపీని పెండ్లికి పిలువుండ్రి, తప్పు లేదు. వస్తే బువ్వ పెట్టుండ్రి, రాకుంటే ఊకోండ్రి. కానీ పెండ్లి పత్రికతోని పాటు ఈ ఐదు ప్రశ్నల కాయిదం కూడ ఆ కవర్ల పెట్టి పంపుండ్రి. పత్రికకు జవాబు రాకున్నా సరే, ఆ కాయిదానికి జవాబు వచ్చేదాక ఇడువద్దు.