‘తెలియదు’ అని చెప్పే ధైర్యం

ఇంటర్మీడియెట్ రెండో సంవత్సరం బై.పి.సి. చదివే పిల్లలున్న ఇళ్ళలో ఈ నెలలు ఎలా గడుస్తాయో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఒకవైపు బోర్డు పరీక్షలు, మరోవైపు మే నెలలో జరిగే నీట్. ఇంటికి వచ్చిన ప్రతి బంధువూ సలాము తర్వాత అడిగే మొదటి ప్రశ్న మార్కుల గురించే. మా ఇంట్లోనూ ఈ ఏడాది ఇదే వాతావరణం. ఈ కొద్ది నెలల్లో మా అమ్మాయికంటే ఎక్కువగా పాఠం నేర్చుకున్నది మేమే. అందుకే ఆ అనుభవాన్ని పాఠకులతో పంచుకోవాలనుకున్నాము.

నీట్‌లో మొత్తం 180 ప్రశ్నలు, 720 మార్కులు. వాటిలో సరిగ్గా సగం, అంటే 90 ప్రశ్నలు, 360 మార్కులు జీవశాస్త్రానివే. సరైన జవాబుకు 4 మార్కులు వస్తాయి, తప్పు జవాబుకు 1 మార్కు పోతుంది, వదిలేసిన ప్రశ్నకు ఏమీ రాదు, ఏమీ పోదు. మా అమ్మాయి పదో తరగతి వరకు తెలుగు మాధ్యమంలో చదివింది. కాలేజీలో చదువంతా ఇంగ్లీషులోకి మారింది. కొత్త పదాలను అర్థంతో నిమిత్తం లేకుండా కంఠస్థం చేయడం అలవాటైంది. “ఈ పాఠం వచ్చిందా?” అని మేము ఎప్పుడు అడిగినా “వచ్చింది” అనే సమాధానమే వినిపించేది. మేమూ అంతటితో తృప్తి పడేవాళ్ళము.

ఒకరోజు పుస్తకాలు సర్దుతుండగా అట్ట మడతలో దాచిన నమూనా పరీక్ష పత్రం ఒకటి దొరికింది. జీవశాస్త్రంలో 360కి 185. మార్కులు తగ్గినందుకు కాదు, దాచినందుకు బాధ కలిగింది. పిలిచి అడిగితే అమ్మాయి చాలాసేపు మాట్లాడలేదు. చివరికి ఒకే మాట అన్నది: “అబ్బా నన్ను అందరి ముందూ డాక్టరమ్మా అని పిలుస్తారు. ఇక నాకు రాదని ఎవరితో చెప్పాలి?”

ఆ ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు. ముద్దుగా పిలుస్తున్నామని మేము అనుకున్నాము. నిజానికి ఆ పిలుపుతో బిడ్డ నోటికి తాళం వేశాము.

మా వీధిలోనే ఉండే, జంతుశాస్త్రం బోధించి పదవీ విరమణ చేసిన ఒక అధ్యాపకురాలిని ఆశ్రయించాము. అస్ర్ నమాజు తర్వాత వెళ్ళి మగ్రిబ్ అజాన్‌కు ముందే తిరిగివచ్చేలా ఏర్పాటు చేసుకున్నాము. మొదటి రోజు తల్లి కూడా వెంట వెళ్ళి కూర్చున్నది. ఆమె మార్కుల గురించి అడగలేదు, పాఠమూ చెప్పలేదు. ఒక తెల్లకాగితం ముందు పెట్టి, గుండె బొమ్మ గీయమన్నారు.

“ధమని అంటే ఏమిటమ్మా?”

“మంచి రక్తాన్ని తీసుకెళ్ళే నాళం, మేడమ్.”

“మరి పుపుస ధమనిలో ఏ రక్తం ఉంటుంది?”

అమ్మాయి ఆగిపోయింది. గుండె కుడి జఠరిక నుండి ఊపిరితిత్తులకు పోయేది పుపుస ధమని. అందులో ఉండేది ఆమ్లజని తగ్గిన రక్తమే. గుండె నుండి బయటికి రక్తాన్ని తీసుకుపోయేది ధమని, గుండెకు తిరిగి తెచ్చేది సిర. రక్తం మంచిదా చెడ్డదా అన్నది నిర్వచనంలోనే లేదు. “తెలియదని చెప్పమ్మా, తప్పేమీ లేదు. అక్కడి నుంచే మన పాఠం మొదలవుతుంది” అన్నారామె.

ఆమె పద్ధతి చాలా సరళమైనది. ఏ అంశాన్నయినా ముందు అమ్మాయే తన మాటల్లో, తెలుగులోనే వివరించాలి. ఆ తర్వాతే పాఠ్యపుస్తకం తెరిచి, ఇంగ్లీషు పదాలను సరిచూసుకోవాలి. నమూనా పరీక్ష రాసేటప్పుడు ప్రతి జవాబు పక్కనా మూడింటిలో ఒక గుర్తు పెట్టాలి: తెలుసు, అనుమానం, తెలియదు. అమ్మాయి దాచిన పరీక్షను ఇదే పద్ధతిలో మళ్ళీ రాయించారు. ఈసారీ 55 సరైనవి, 35 తప్పులు వచ్చాయి. ఆ 35 తప్పుల్లో ‘తెలియదు’ అని గుర్తు పెట్టినవి 4, ‘అనుమానం’ అన్నవి 9. మిగిలిన 22 తప్పుల పక్కన ‘తెలుసు’ అని ఉన్నది.

“తెలియనిది నేర్చుకోవచ్చు. తెలుసనుకున్న తప్పును మాత్రం ఎవరూ మళ్ళీ తెరిచి చూడరు” అని ఆమె ఆ 22 ప్రశ్నలకు ప్రత్యేకంగా ఒక నోటుపుస్తకం పెట్టించారు. మొక్కలు రాత్రిపూట మాత్రమే శ్వాసిస్తాయనే భ్రమ అందులో మొదటి పేజీలో ఉన్నది. నిజానికి అవి రాత్రింబవళ్ళూ శ్వాసిస్తాయి. పగటి వెలుతురులో కిరణజన్య సంయోగక్రియ కూడా జరుగుతుండటం వల్ల శ్వాసక్రియ మన దృష్టికి రాదు.

తెలియని ప్రశ్నకు ఊహించి జవాబు పెట్టవచ్చా అని మేము అడిగాము. నాలుగు ఐచ్ఛికాల్లో గుడ్డిగా గుర్తు పెడితే సగటున నాలుగు ప్రశ్నల్లో ఒకటి తగిలి 4 మార్కులు వస్తాయి, మూడు పోయి 3 మార్కులు తగ్గుతాయి. లెక్క ప్రకారం నష్టం లేదని ఆమె నిజాయితీగా ఒప్పుకున్నారు. “కానీ విద్యార్థి గుడ్డిగా పెట్టడు, సగం తెలిసి పెడతాడు. తప్పు ఐచ్ఛికాలు తయారయ్యేది ఆ సగం జ్ఞానాన్ని ఆకర్షించడానికే” అన్నారు.

గుండె పాఠం ముగిసిన రోజున మా అమ్మాయికి మేము ఒక విషయం చెప్పాము. క్రీస్తుశకం 2వ శతాబ్దపు గ్రీకు వైద్యుడు గాలెన్, గుండె కుడి జఠరికలోని రక్తం మధ్యగోడలోని కంటికి కనిపించని రంధ్రాల గుండా ఎడమ జఠరికలోకి చేరుతుందని రాశాడు. దాదాపు వెయ్యేళ్ళ పాటు వైద్యలోకం దాన్ని తెలిసిన సత్యంగానే భావించింది. డమాస్కస్‌లో వైద్యం చదివి కైరోలో జీవించిన ఇబ్నె నఫీస్, ఇబ్నె సీనా గ్రంథంలోని శరీర నిర్మాణ భాగానికి 1242లో వ్యాఖ్యానం రాస్తూ, ఆ గోడ మందమైనదనీ, అందులో రంధ్రాలేవీ లేవనీ, రక్తం ఊపిరితిత్తుల మీదుగానే ఎడమవైపుకు చేరుతుందనీ స్పష్టం చేశారు. విలియం హార్వే తన ప్రసిద్ధ గ్రంథాన్ని ప్రచురించింది 1628లో. మనవాడు ముందే చెప్పాడని గర్వపడటానికి మేము ఈ మాట ఎత్తలేదు. పెద్దలు ‘తెలుసు’ అని గుర్తు పెట్టి వదిలేసిన జవాబును ఆయన మళ్ళీ తెరిచి చూశారు. నోటుపుస్తకం రెండో వరుసలో ఆయనకూ చోటివ్వవచ్చని అమ్మాయి నవ్వింది.

ఇలాంటి తప్పులు పిల్లల పుస్తకాల్లోనే కాదు, మన ఇళ్ళలోనూ ఉన్నాయి. ఒక సాయంత్రం మా అమ్మాయి తన దాదీకి ఎక్స్, వై క్రోమోజోముల పట్టిక గీసి చూపించింది. తల్లి నుండి బిడ్డకు వచ్చేది ఎప్పుడూ ఎక్స్ క్రోమోజోమే. ఎక్స్, వై రెండింటిలో ఏదో ఒకటి వచ్చేది తండ్రి నుండే. దాదీ ఆ కాగితాన్ని చాలాసేపు చూసి, “వరుసగా ఆడపిల్లలు పుట్టారని మా అత్త నన్ను ఎన్ని మాటలు అన్నదో!” అని కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. సంతానాన్ని ప్రసాదించేది అల్లాహ్ అని నమ్మే ఇంట్లోనే, ఏ తప్పూ లేని కోడలు ఏళ్ళ తరబడి మాటలు పడింది. తెలుసనుకున్న తప్పుకు ఒక్కోసారి ఒక్క మార్కు కాదు, ఒక జీవితమే మూల్యం అవుతుంది.

ఆదం (అలై)ను సృష్టించిన తర్వాత అల్లాహ్ పేర్లు చెప్పమని అడిగినప్పుడు, తనకు నేర్పినది తప్ప తమకేమీ తెలియదని దైవదూతలు వినయంగా విన్నవించుకున్న వృత్తాంతం దివ్య ఖుర్ఆన్‌లోని అల్ బఖరా సూరాలో ఉన్నది. మదీనా నగరపు మహావిద్వాంసులు ఇమామ్ మాలిక్ (రహ్మలై)ను ఒక సందర్భంలో 48 ప్రశ్నలు అడగగా, 32 ప్రశ్నలకు తనకు తెలియదనే సమాధానమిచ్చారని పూర్వ విద్వాంసులు నమోదు చేశారు. దానివల్ల ఆయన గౌరవం తగ్గలేదు, ఆయన చెప్పిన మిగతా జవాబుల విలువ పెరిగింది. జ్ఞానాన్ని పెంచమని వేడుకునే దుఆ తాహా సూరాలో ఉన్నది. మనలో చాలామందిమి దాన్ని రోజూ చదువుతాము. తనకు తక్కువ ఉన్నదని ఒప్పుకున్నవాడే కదా పెంచమని అడిగేది!

ఇప్పుడు మా ఇంట్లో రెండు మార్పులు వచ్చాయి. ‘డాక్టరమ్మా’ అనే పిలుపు ఆగిపోయింది, అమ్మాయిని పేరుతోనే పిలుస్తున్నాము. రాత్రి దస్తర్‌ఖాన్ దగ్గర మార్కుల మాట ఎత్తకుండా, “ఈరోజు ఏది అర్థం కాలేదు?” అని అడుగుతున్నాము. మొదటి వారం రోజులు సమాధానం రాలేదు. ఆ తర్వాత ఒక రాత్రి తండ్రే ముందుగా, తన దుకాణపు పన్ను పత్రాల్లో ఫలానా కాలమ్ తనకు ఇప్పటికీ అర్థం కాదని చెప్పారు. అందరమూ నవ్వుకున్నాము. మరుసటి రోజు నుండి అమ్మాయి నోరు విప్పింది.

ట్యూటరును చూసుకునే తల్లిదండ్రులకు మా అనుభవంతో చెప్పగలిగింది కొద్దిగానే. గంటసేపు ఆపకుండా పాఠం చెప్పేవారికంటే, పిల్లల చేత చెప్పించి వినేవారు మేలు. పిల్లలు ఖాళీ చేతులతో కాక, తమకు రాని ప్రశ్నలతో ట్యూటరు దగ్గరికి వెళ్ళాలి. తప్పుల పుస్తకాన్ని రాసి మూసేయకుండా, కొద్ది రోజులు ఆగి అవే ప్రశ్నలకు మళ్ళీ జవాబు రాయాలి. ట్యూషన్ పేరుతో పిల్లల నిద్రనూ నమాజునూ హరించకూడదు. రుసుము కట్టినంత మాత్రాన మన బాధ్యత తీరిపోదు. రాదని చెప్పుకోగలిగే ఇల్లు ట్యూటరు ఇచ్చేది కాదు, మనం ఇవ్వవలసింది.

మొన్నటి నమూనా పరీక్షలో అమ్మాయికి 71 సరైనవి, 11 తప్పులు వచ్చాయి, 8 ప్రశ్నలు వదిలేసింది. మొత్తం 273. పత్రాన్ని తానే తెచ్చి చూపించింది. ‘తెలుసు’ అని గుర్తు పెట్టి తప్పు రాసినవి ఈసారి మూడే. మే నెలలో ఫలితం ఎలా ఉంటుందో అల్లాహ్‌కే తెలుసు. సీటు వస్తే అల్ హమ్దు లిల్లాహ్. రాకపోయినా, ఆ మాటను దాచకుండా ముందుగా మాకే వచ్చి చెబుతుందనే నమ్మకం మాకు కలిగింది.